స్కీ రిసార్ట్ టైకూన్ పాత సీడీ: విండోస్ 11లో ఎక్కించడం, ఆ తర్వాత ఆడటం

నాగావళి గట్టు (రాయగడ)
శనివారం, రాత్రి 8:10

అందరికీ నమస్కారం. మా మావయ్య ఇంట్లో స్కీ రిసార్ట్ టైకూన్ అసలు సీడీ దొరికింది. 2000 సంవత్సరపు ఆట. క్యాట్ డాడీ గేమ్స్ తయారు చేస్తే యాక్టివిజన్ వాల్యూ విడుదల చేసింది. మంచుకొండ మీద లిఫ్టులు వేయాలి, జారే బాటలు గీయాలి, హోటళ్లూ తిండి దుకాణాలూ కట్టాలి, వచ్చినవాళ్లు డబ్బు ఖర్చు పెట్టి సంతోషంగా వెళ్లేలా చూడాలి. మావయ్య ఆడుతుంటే పక్కన కూర్చుని చూడటమే తప్ప నేను ఎప్పుడూ ఆడలేదు.

నా లాప్‌టాప్‌లో విండోస్ 11 ఉంది, సీడీ డ్రైవ్ లేదు. మావయ్య పాత విండోస్ ఎక్స్‌పీ డెస్క్‌టాప్ ఇంకా పనిచేస్తోంది, అందులో సీడీ చదువుతోంది. అక్కడి నుంచి నా లాప్‌టాప్‌లోకి ఎలా తేవాలి? తెచ్చాక నడుస్తుందా? తెలిసినవాళ్లు వరసగా చెప్పండి, ఓపిగ్గా చేసుకుంటాను.

బరంపురం బాబాయ్ (గంజాం)
శనివారం, రాత్రి 8:42

బాబూ, ఆ డెస్క్‌టాప్ ఉంది కాబట్టి సగం పని అయిపోయినట్టే. అందులో ఇమ్‌గ్‌బర్న్ అనే ఉచిత ప్రోగ్రామ్ వేసి సీడీ నుంచి ఐఎస్ఓ ఫైల్ తీయి. సీడీ మొత్తం ఒకే ఫైల్ అవుతుంది, మామూలు పెన్‌డ్రైవ్‌లో పట్టేస్తుంది. దాన్ని నీ లాప్‌టాప్‌లోకి కాపీ చేసి రెండుసార్లు క్లిక్ చెయ్యి. విండోస్ 8 నుంచి ఐఎస్ఓ తెరిచే సౌకర్యం లోపలే ఉంది, వేరే సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు.

ముందు సీడీని మెత్తని పొడిగుడ్డతో తుడువు. మధ్య నుంచి అంచు వైపు తుడవాలి, గుండ్రంగా వద్దు. గుండ్రంగా పడిన గీత డేటా పొడవునా సాగుతుంది, అప్పుడు డ్రైవ్ సర్దుకోలేదు. సముద్రం గాలికి మా వైపు సీడీలు ఎలా పాడవుతాయో షాపులో రోజూ చూస్తున్నాను, అందుకే ఇంతగా చెబుతున్నాను.

ప్రాణహిత పోరడు (సిరొంచ, గడ్చిరోలి)
శనివారం, రాత్రి 9:05

అన్నా, ఇంత తిప్పలెందుకు? ఈ ఆట ఫ్రీగా ఇచ్చే సైట్లు మస్తు ఉన్నయ్. లింక్ పెట్టాలా?

వేదిక నిర్వాహకుడు
శనివారం, రాత్రి 9:20

లింకులు వద్దు తమ్ముడూ. అలాంటి చోట్ల దొరికే ఫైళ్లలో ఆటతో పాటు ఇంకేం వస్తాయో ఎవరం చెప్పలేం. ఆయన దగ్గర అసలు సీడీ ఉంది, దానితోనే సాగనివ్వండి.

వంశధార వాణి (గుణుపురం)
శనివారం, రాత్రి 10:15

నాగావళి గారూ, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు కొన్ని జాగ్రత్తలు.

ప్రోగ్రామ్ ఫైల్స్‌లో వేయకండి. సీ డ్రైవ్‌లో నేరుగా ఒక ఫోల్డర్ చేసుకోండి. ఆ కాలపు ఆటలు సేవ్ ఫైళ్లను తమ ఫోల్డర్‌లోనే రాసుకునేవి. విండోస్ విస్టా వచ్చాక ప్రోగ్రామ్ ఫైల్స్‌లో అలా రాయడానికి అనుమతి లేదు, విండోస్ ఆ ఫైళ్లను వర్చువల్ స్టోర్ అనే దాగి ఉన్న చోటికి మళ్లిస్తుంది. తర్వాత సేవ్ ఎక్కడుందో తెలియక టెన్షన్. ఫోల్డర్ పేరు కూడా ఇంగ్లిష్ అక్షరాల్లోనే పెట్టండి. పేరు తెలుగులో ఉంటే యూనికోడ్ తెలియని పాత ప్రోగ్రాములు దారి కనుక్కోలేవు.

సెటప్ తెరవగానే "ఈ యాప్ మీ పీసీలో నడవదు" అని వస్తే ఆ సెటప్ 16 బిట్‌ది, అంటే మరీ పాత తరహాది అయి ఉండొచ్చు. విండోస్ 11లో 64 బిట్ తప్ప లేదు, అది 16 బిట్ ప్రోగ్రాములను నడపదు. అలా వస్తే చెప్పండి, దానికి వేరే దారి ఉంది.

సెటప్ అయ్యాక ఆట ఐకాన్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో కంపాటిబిలిటీకి వెళ్లండి. విండోస్ ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 3 ఎంచుకోండి. దానితో కాకపోతే విండోస్ 98 పెట్టి చూడండి. రంగులు తగ్గించే చోట 16 బిట్ పెట్టండి.

నాగావళి గట్టు
ఆదివారం, మధ్యాహ్నం 1:30

బాబాయ్ గారూ, వాణి గారూ, చాలా థాంక్స్. ఐఎస్ఓ వచ్చింది, సెటప్ కూడా పూర్తయింది. ఆట తెరిస్తే మాత్రం సంగీతం వినిపిస్తోంది, తెర నల్లగా ఉంటోంది. ఎక్స్‌పీ, 98 రెండూ పెట్టి చూశాను. మౌస్ కదుపుతుంటే ఎక్కడో బటన్ మీద పడినట్టు చప్పుడు కూడా వస్తోంది.

వంశధార వాణి
ఆదివారం, మధ్యాహ్నం 2:10

చప్పుడు వస్తోందంటే ఆట నడుస్తోంది, బొమ్మే తెర దాకా రావడం లేదు. ఇది మంచి కబురు.

అప్పటి ఆటలు డైరెక్ట్‌డ్రా, పాత డైరెక్ట్‌3డీ పద్ధతుల్లో బొమ్మ గీస్తాయి. ఇప్పటి గ్రాఫిక్స్ డ్రైవర్లు వాటిని సరిగ్గా పట్టించుకోవు. మధ్యలో దుబాసీ కావాలి. డీజీవూడూ 2 అని ఉచితంగా దొరుకుతుంది. దాన్ని తయారీదారు సొంత పేజీ నుంచే దించుకోండి. జిప్ విప్పితే ఎంఎస్ ఫోల్డర్‌లో ఎక్స్86 అని ఉంటుంది. అందులోని డీడ్రా, డీ3డీఇమ్, డీ3డీ8 డీఎల్ఎల్ ఫైళ్లను ఆట ఈఎక్స్ఈ (ఆటను తెరిచే ఫైల్) ఉన్న ఫోల్డర్‌లోనే పెట్టండి. ఎక్స్64లోవి తీసుకోవద్దు, ఆట 32 బిట్‌ది. దానితో వచ్చే కంట్రోల్ ప్యానెల్ కూడా అక్కడే పెట్టి, ఫుల్ స్క్రీన్ బదులు విండో ఎంచుకోండి. కంపాటిబిలిటీలో పెట్టిన టిక్కులన్నీ తీసేయండి, రెండూ కలిస్తే ఒకదానికొకటి అడ్డం పడతాయి.

బరంపురం బాబాయ్
ఆదివారం, మధ్యాహ్నం 2:55

అమ్మాయి చెప్పింది అక్షరాలా నిజం. ఒక్క మాట కలుపుతాను, వేరే పాత సీడీలు ఉన్నవాళ్లకు పనికొస్తుంది. ఆ రోజుల్లో చాలా ఆటలకు సేఫ్‌డిస్క్ లాంటి కాపీ తాళాలు వేసేవారు. ఆ తాళం తీసే డ్రైవర్‌లో భద్రతాలోపం ఉండటంతో విండోస్ 10 నుంచి దాన్ని పూర్తిగా తీసేశారు. 2015 సెప్టెంబరు అప్‌డేట్‌తో విండోస్ 7, 8లలో కూడా ఆపేశారు. అలాంటి సీడీ అసలుదైనా, డ్రైవ్ కొత్తదైనా ఇప్పుడు తెరుచుకోదు. వాటిని ఎక్స్‌పీ ఉన్న పాత డబ్బాలో ఆడుకోవడమే మేలు. అందుకే మీ ఇళ్లలో పాత కంప్యూటర్లను తూకానికి వేసేయకండి, నా మాట వినండి.

నాగావళి గట్టు
ఆదివారం, సాయంత్రం 6:20

వచ్చింది! తెర నిండా తెల్లటి కొండ! వాణి గారూ, మీకు ఎంత చెప్పినా తక్కువే. మావయ్యకు ఫోన్ చేసి చెబితే ఆయన నాకంటే ఎక్కువ సంబరపడ్డాడు.

ఇప్పుడు ఆట గురించి. కొండ కింద నుంచి నెత్తి దాకా ఒకే పొడుగు లిఫ్ట్ వేశాను. పై నుంచి రెండు కష్టమైన బాటలు, ఒక మధ్య రకం. కింద హోటల్, తిండి దుకాణం. జనం బాగానే వచ్చారు, కానీ లిఫ్ట్ దగ్గర క్యూ పెరుగుతూ పోతోంది, విసుగొచ్చి వెళ్లిపోతున్నారు. మంచి ఖరీదైన లిఫ్ట్ వేస్తే సరిపోతుందా? చేతిలో డబ్బు అంతంత మాత్రమే.

సింగాపూర్ రోడ్ మాస్టారు (రాయగడ జిల్లా)
ఆదివారం, రాత్రి 9:00

నాగావళీ, డబ్బు పెట్టకు, ఆగు. రైల్వేలో పనిచేసి జనాన్నీ బళ్లనీ లెక్కపెట్టిన మనిషిని, ఈ క్యూ లెక్క నాకు ఇష్టమైనది. నిజమైన కొండల మీద లెక్క ఏమిటో చెబుతాను. ఇలాంటి ఏ ఆటైనా దాని చుట్టూనే తిరుగుతుంది.

లిఫ్ట్‌లో రెండు వేరువేరు సంగతులున్నాయి. ఒకటి తాడు వేగం. రెండోది గంటకు ఎంతమందిని ఎక్కిస్తుందన్నది. ఇద్దరు కూర్చునే కుర్చీ 6 సెకన్లకొకటి వస్తే గంటకు 600 కుర్చీలు, 1,200 మంది. అంటే నిమిషానికి 20 మంది. నలుగురు కూర్చునేదైతే అదే విరామానికి 2,400. తాడు వేగం ఇందులో ఎక్కడా రాలేదు చూడు. కుర్చీలు తాడుకు బిగించి ఉండే మామూలు లిఫ్ట్ సెకనుకు సుమారు 2.5 మీటర్లు పోతుంది. స్టేషన్‌లో కుర్చీ తాడు నుంచి విడిపడి నెమ్మదించే ఖరీదైన రకం 5 మీటర్ల దాకా పోతుంది.

ఇప్పుడు నీ కొండ మీద 300 మంది ఉన్నారనుకో. నిమిషానికి 20 మందిని ఎక్కించే లిఫ్ట్. పైకి 7 నిమిషాలు, జారి కిందికి రావడానికి 5 నిమిషాలు. కుర్చీల్లో 140 మంది, బాట మీద 100 మంది, మిగిలిన 60 మంది క్యూలో. 3 నిమిషాలు నిలబడాలి.

తాడు వేగం రెట్టింపు చేసి, ఎక్కించే సంఖ్య అలాగే ఉంచావనుకో. కుర్చీల్లో 70 మందే ఉంటారు. బాట మీద 100. మిగిలిన 130 మంది క్యూలోకి వచ్చి పడతారు, నిలబడే సమయం ఆరున్నర నిమిషాలు అవుతుంది. డబ్బు పోసి క్యూని రెట్టింపు చేసుకున్నట్టు!

ప్రాణహిత పోరడు
ఆదివారం, రాత్రి 9:25

మాస్టారూ, ఇది నాకు ఎక్కుతలేదు. లిఫ్ట్ జల్ది పోతే క్యూ తగ్గాలె గదా?

సింగాపూర్ రోడ్ మాస్టారు
ఆదివారం, రాత్రి 9:50

మంచి ప్రశ్న తమ్ముడూ, అందరూ అక్కడే ఆగుతారు. చైత్రమాసంలో రాయగడ మజ్జిగౌరమ్మ గుడికి వచ్చావా? లోపలికి వెళ్లే గుమ్మం ఒకటే. గుమ్మం దాటాక ఎంత వేగంగా నడిచినా బయట వరస కదలదు, గుమ్మం వెడల్పును బట్టే కదులుతుంది. పైగా ఈ కొండ మీద జనం దర్శనం చేసుకుని ఇంటికి పోరు, తిరిగి అదే గుమ్మం దగ్గరికి వస్తారు. పైకి తొందరగా చేరినవాడు తొందరగా కిందికి వచ్చి మళ్లీ నిలబడతాడు.

300 మందిని 20తో భాగించు, 15 నిమిషాలు వస్తుంది. లిఫ్ట్ వేగం ఏదైనా ఒక్కొక్కరికి ఒక చుట్టుకు పట్టేది ఆ 15 నిమిషాలే. అందులో ఎంతసేపు కుర్చీలో కూర్చుంటాడు, ఎంతసేపు నిలబడతాడన్నదే మారుతుంది. కూర్చుని కొండను చూసేవాడు విసుక్కోడు, నిలబడ్డవాడే విసుక్కుంటాడు.

కాబట్టి నాగావళీ, చవకైన చిన్న లిఫ్ట్ ఇంకొకటి వేరే చోటి నుంచి వెయ్యి. కొండ సగం ఎత్తులో తిండి దుకాణం పెట్టు. అందులో కూర్చున్న ప్రతి మనిషీ క్యూలోంచి తగ్గినవాడే, పైగా డబ్బిచ్చి కూర్చుంటాడు. బాట ఒకటి మెలికలు తిప్పి పొడవుగా గీయి. కిందికి రావడానికి 5 బదులు 8 నిమిషాలు పడితే నీ మొదటి లెక్కలోని 60 మందీ బాట మీదే ఉంటారు, క్యూ సున్నా.

ప్రాణహిత పోరడు
ఆదివారం, రాత్రి 10:02

ఇప్పుడు సమజయింది మాస్టారూ. కాగితం మీద వేసి చూసిన, సరిగ్గ వచ్చింది.

మహేంద్రతనయ మాజీ జవాను (పర్లాకిమిడి)
సోమవారం, ఉదయం 6:15

మాస్టారి లెక్క చదివి రాయాలనిపించింది. సైన్యంలో ఉండగా కశ్మీర్‌లోని గుల్మర్గ్‌లో ఉన్నాను. మంచులో, ఎత్తైన కొండల్లో యుద్ధం నేర్పే సైనిక పాఠశాల అక్కడే ఉంది. ఊరు 2,650 మీటర్ల ఎత్తు. అక్కడి గండోలా (తాడుకు వేలాడుతూ జనాన్ని మోసే గదుల లిఫ్ట్) మొదటి దశ 1998లో, రెండో దశ 2005లో మొదలయ్యాయి. రెండో దశ అఫర్వత్ కొండ భుజం మీదికి, 3,900 మీటర్లు దాటి తీసుకెళ్తుంది. గంటకు 600 మంది దాకా ఎక్కుతారు. సీజన్‌లో ఆ వరస చూస్తే మాస్టారు చెప్పిన గుమ్మం సంగతి కళ్ల ముందు కనిపిస్తుంది.

నాగావళీ, క్యూ కంటే ముందు నువ్వు చూడాల్సింది ఇంకొకటి ఉంది. నీ లిఫ్ట్ పై నుంచి సులువైన బాట ఒక్కటీ లేదు. కొత్తగా నేర్చుకునేవాడు లిఫ్ట్ ఎక్కి పైకి పోతే కిందికి ఎలా దిగుతాడు? నిజంగా అది ప్రాణాల మీదికి వచ్చే పరిస్థితి. మంచు మీద భయపడ్డ మనిషి కాళ్లు బిగుసుకుపోతాయి, అక్కడే కూర్చుండిపోతాడు. ఏ లిఫ్ట్ వేసినా దాని కొన నుంచి కింద దాకా ఒక సులువైన దారి ఉండాలి. అమెరికా పద్ధతిలో సులువుకి ఆకుపచ్చ వృత్తం, మధ్యరకానికి నీలం చతురస్రం, కష్టానికి నల్ల వజ్రం గుర్తులు. ఐరోపాలో నీలానికీ నలుపుకీ మధ్య ఎరుపు కూడా ఉంటుంది.

ముందు అడుగున చిన్న లిఫ్ట్ వేసి ఆకుపచ్చ బాటలు గీయి. కొత్తవాళ్లు పడుతూ లేస్తూ అక్కడే నేర్చుకుంటారు. నెత్తి మీదికి లిఫ్ట్ తర్వాత చూసుకోవచ్చు. గాలి ఎక్కువైతే నిజం కొండల్లో పై లిఫ్ట్ ఆపేస్తారు, కింది లిఫ్ట్ ఆ రోజు అందరినీ మోస్తుంది.

దేవమాలి టీచర్ (కొరాపుట్)
సోమవారం, సాయంత్రం 5:40

జవాను గారికి నమస్కారం. ఇలాంటి మాటలు పుస్తకంలో దొరకవు.

మా దేవమాలి 1,672 మీటర్లు, ఒడిశాలో ఎత్తైన శిఖరం. చలికాలం తెల్లవారుజామున గడ్డి మీద మంచు పేరుకుంటే పిల్లలు "మేడమ్, ఇక్కడ స్కీయింగ్ పెట్టొచ్చా?" అని అడుగుతారు. వాళ్లకు చెప్పిందే ఇక్కడా చెబుతాను. మిషన్లతో మంచు తయారు చేయాలంటే నీటినీ గట్టిగా నొక్కిన గాలినీ కలిపి సన్నటి తుంపరగా చిమ్మాలి. తుంపర నేలకు చేరేలోపు గడ్డకట్టాలి. అందుకు మామూలు థర్మామీటర్ చూపే చలి ఒక్కటే చాలదు, గాలిలో తేమను కూడా లెక్కలోకి తీసుకునే తడిబల్బు ఉష్ణోగ్రత సుమారు మైనస్ 2 డిగ్రీలకు దిగాలి. గాలి పొడిగా ఉంటే సున్నాకు కొంచెం పైన కూడా మంచు పడుతుంది. తేమగా ఉంటే సున్నా దిగినా పడదు. తర్వాత ఆ మంచు నెలల తరబడి నిలవాలి. మా దగ్గర తెల్లారి ఎండ వస్తే కరిగిపోతుంది కదా.

కొండకు ఉత్తరం వైపు వాలు ఎండకు ఎదురుగా ఉండదు, మంచు ఎక్కువ రోజులు ఉంటుంది. భూమధ్యరేఖకు ఉత్తరాన ఉన్న దేశాల్లో చలికాలంలో ఇంతే. ఆటలో కొండ నీడ సంగతి లెక్కపెట్టినా పెట్టకపోయినా అలా గీస్తే చూడటానికి నిజంగా ఉంటుంది.

బరంపురం బాబాయ్
సోమవారం, రాత్రి 7:30

కుర్చీ లిఫ్ట్ ఎలా పుట్టిందో తెలుసా? 1936లో అమెరికాలోని సన్ వ్యాలీలో యూనియన్ పసిఫిక్ రైల్వే ఇంజనీరు జేమ్స్ కరన్ తయారు చేశాడు. ఓడలోకి అరటిగెలలు ఎక్కించే కొక్కేల తాడు ఆయనకు ముందే తెలుసు. కొక్కెం బదులు కుర్చీ పెట్టాడు. మాస్టారూ, రైల్వే బుర్రే!

పర్లాకిమిడి అమ్మ
సోమవారం, రాత్రి 8:05

మా అబ్బాయికి ఎనిమిదేళ్లు. ఇదంతా చదివి వినిపిస్తే ఆడతానంటున్నాడు. పిల్లలు చూడకూడనివి ఏమైనా ఉన్నాయా అందులో?

వంశధార వాణి
సోమవారం, రాత్రి 8:30

అక్కా, కొట్లాటలు, రక్తం ఏమీ ఉండవు. యెతి అనే మంచుమనిషి మాత్రం వచ్చి స్కీయింగ్ చేసేవాళ్లను తినేస్తుంది. బొమ్మలు చిన్నవి, అయినా బాబు భయస్తుడైతే మొదట పక్కన మీరు కూర్చోండి.

సీడీ లేని మీలాంటివాళ్లకు స్నోటోపియా అనే కొత్త ఆట బాగుంటుంది. 2021లో స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలో ఎర్లీ యాక్సెస్‌గా, అంటే పూర్తిగా తయారవకముందే వచ్చింది. బొమ్మలు ముద్దుగా ఉంటాయి, లిఫ్టులు వేయడం, బాటలు గీయడమే పని. లిఫ్ట్ నడపడం, మంచు చదును చేసే బండి తోలడం ఇష్టమైతే వింటర్ రిసార్ట్ సిమ్యులేటర్ ఉంది, కానీ అది పెద్దవాళ్లకు, మంచి గ్రాఫిక్స్ కార్డ్ కావాలి.

ప్రాణహిత పోరడు
సోమవారం, రాత్రి 9:15

వాణక్కా, మా పెద్దమ్మ కొడుకు చంద్రపూర్‌ల ఉంటడు, వానికి గూడ పాత సీడీ ఆటలు పిచ్చి. అక్కడ ఎండకాలం 45 దాటుతది. ఇంత పాత ఆటకే లాప్‌టాప్ ఎందుకు కాలిపోతుందని అడుగుతుండు.

వంశధార వాణి
సోమవారం, రాత్రి 9:40

పాత ఆటలు ఆపేవాళ్లు లేకపోతే సెకనుకు ఎన్ని ఫ్రేములు (తెర మీద బొమ్మలు) వీలైతే అన్నీ గీస్తూ ప్రాసెసర్‌ను ఊపిరి తీసుకోనివ్వవు. డీజీవూడూ కంట్రోల్ ప్యానెల్‌లో ఫ్రేముల పరిమితి 60కి పెట్టుకోమనండి. లాప్‌టాప్‌ను పరుపు మీద కాకుండా చెక్క బల్ల మీద పెట్టుకోవాలి. వేడి బాగా తగ్గుతుంది.

నాగావళి గట్టు
మంగళవారం, రాత్రి 9:30

జవాను గారు చెప్పినట్టు అడుగున చిన్న లిఫ్ట్, రెండు ఆకుపచ్చ బాటలు వేశాను. మాస్టారు చెప్పినట్టు కొండ మధ్యలో తిండి దుకాణం పెట్టి, నీలం బాటను చెట్ల చుట్టూ తిప్పాను. పెద్ద లిఫ్ట్ మార్చలేదు, ఒక్క రూపాయి కూడా దాని మీద పెట్టలేదు. క్యూ మూడో వంతుకు పడిపోయింది, వెళ్లిపోయేవాళ్లు దాదాపు లేరు, ఖాతాలో డబ్బు పెరుగుతోంది. ఆ దుకాణం చుట్టూ జనం ముసురుకుంటుంటే ఎంతసేపైనా చూడాలనిపిస్తోంది.

ఒక సందేహం. మావయ్య ఈ ఆదివారం వస్తున్నాడు, ఆయన డెస్క్‌టాప్‌లో ఇదే కొండను కొనసాగించాలని ఉంది. సేవ్ అటు పట్టుకెళ్లొచ్చా?

వంశధార వాణి
మంగళవారం, రాత్రి 9:55

పట్టుకెళ్లొచ్చు. ఆట ఫోల్డర్‌ను తేదీ ప్రకారం సర్దితే ఇప్పుడే రాసిన ఫైల్ పైన కనిపిస్తుంది, అదే సేవ్. దాన్ని పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని అక్కడి ఆట ఫోల్డర్‌లో అదే చోట వేయండి. డీజీవూడూ ఫైళ్లు మాత్రం అటు తీసుకెళ్లకండి, ఎక్స్‌పీకి అవి అక్కర్లేదు.

సింగాపూర్ రోడ్ మాస్టారు
మంగళవారం, రాత్రి 10:10

మావయ్య గారు వచ్చాక ఆ నల్ల బాటలకు వేరే లిఫ్ట్ వేసి విడదీయండి. కొండ మీద జారేవాళ్లలో నిపుణులు తక్కువ, కాబట్టి ఇద్దరు కూర్చునే పాత రకమే చాలు. ఎంతమంది అటు మళ్లారో చూసి ఇక్కడ రాయి, తర్వాతి లెక్క వేద్దాం.